కూలనున్న విడిది

క్రిందటి వేసవిలో ఇంగ్లండులో మా అబ్బాయి ఇంట ఉన్నాను. తూర్పు తీరాన, నార్ఫోక్ ప్రాంతంలో, ఏళ్ళ తరబడి పాడుబడిన హాలిడే క్యాంపు ఒకదానిని త్వరలో కూల్చివేస్తారని తెలిసి వాడు కెమెరా పుచ్చుకొని బయలుదేరాడు. వెంట నేనూ వెళ్ళాను.

హాలిడే క్యాంపును మన భాషలో 'విడిది' అనవచ్చునేమో. అయితే ఇది పెళ్ళివారి విడిది కాదు, శ్రామికుల విడిది. ఆ తీరంలోనే కేయిస్టర్ అనే ఊరిలో 1906లో గుడారాలతో ఇటువంటి శిబిరం వెలసింది. 1936లో బిల్లీ బట్లిన్ స్కెగ్నెస్‌లో పెద్ద క్యాంపు తెరిచాడు. జీతంతో కూడిన సెలవులకు 1938లో చట్టం వచ్చింది. యుద్ధానంతరం కార్మిక కుటుంబాలు ఈ విడుదులను నింపివేశాయి. ఆపైన స్పెయిన్ ఎండలకు చవకగా విమానాలు నడవడంతో చాలా క్యాంపులు వెలవెలబోయాయి.

కావలివాడు కంచె దాటనివ్వలేదు. సందులలోంచే ఫోటోలు తీశాము. వరుసగా చిన్న చిన్న గదులు, తలుపుల మీద వెలిసిన అంకెలు, మోకాలెత్తు గడ్డి.

కుక్కను తిప్పుతూ వచ్చిన ఒక వృద్ధురాలు మా ప్రక్కనే ఆగింది. తండ్రి లెస్టర్‌లో జోళ్ళ కర్మాగారంలో పనిచేసేవాడట. చిన్నతనంలో ఏటా ఒక వారం ఇక్కడికి వచ్చేవారట. సముద్రాన్ని గురించి చెబుతుందనుకున్నాను. ఆమె మాత్రం అద్దాలు పగిలిన భోజనశాలను చూపించి, "మా అమ్మ కూర్చుని ఉండగా ఎవరో వచ్చి వడ్డించడం నేను చూచింది అక్కడే" అన్నది.

నాకు మాట రాలేదు. ముప్ఫయ్యారేళ్ళు బడిపంతులుగా ఏటేటా వేసవి సెలవులు అనుభవించినవాణ్ణి. ఆ సెలవులలోనే చుట్టాలు దిగేవారు, ఆవకాయలు, అప్పడాలు పెట్టేవారు. బడికి సెలవులు గానీ పొయ్యికి ఎన్నడూ లేవు. ఆ సంగతి నా భార్య ఒక్కసారి కూడా అనలేదు, నేను అడగనూ లేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

"ఆ హాలు ఒకటి తియ్యరా" అన్నాను. "అందులో ఏముంది నాన్నా?" అన్నాడు వాడు. తీశాడు.

ఇంటికి వచ్చాక పాత ఆల్బము తిరగవేశాను. ఆవిడ ఫోటోలు పదకొండు ఉన్నవి. ఒక్కదానిలోనూ తీరికగా కూర్చుని లేదు. ఎవరో పిలిస్తే లోపలికి వెళ్ళబోతున్నట్లే ఉన్నది.