అందుకోని ఇంజను

కరీంనగర్ బాయిల మీద మోటను పక్కకు నెట్టింది ఆయిల్ ఇంజనే. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినా, మానేరు ఒడ్డునో, ఆదిలాబాద్ పత్తి చేలల్లోనో తీగ అందని చోట ఇంజను అవసరం తీరిపోలేదు.

అలాంటి ఇంజను విప్పి, రింగులు మార్చి బిగించాక అందుకోకపోతే రైతు గుండె జారుతుంది. అప్పుడు చేయకూడని పని ఒక్కటే: కంగారులో మళ్లీ విప్పడం. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా అదిమి, ఆ వేడితోనే మంట పుట్టిస్తుంది. అందుకే ముందు డీజిల్ చూడాలి. పైపులు ఊడదీసినప్పుడు లోపల గాలి చేరుతుంది. పంపు దగ్గరి స్క్రూ వదులుచేసి, బుడగలు పోయి ధార వచ్చేదాకా ఆగాలి. చాలాసార్లు జబ్బు ఇక్కడే.

డీకంప్రెషన్ లీవరు దించాక కూడా హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోందా? కంప్రెషన్ లేదన్నమాట. కొత్త రింగులు సిలిండర్‌కు ఇంకా ఒరుసుకోలేదేమో, కొద్దిగా ఇంజనాయిల్ వేస్తే పట్టు వస్తుంది. టాపెట్ సందు మరీ తగ్గినా వాల్వు మూతపడక గాలి తప్పించుకుంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే టైమింగ్ పళ్ల మీది గుర్తులు చూడాలి.

పాత మెకానిక్కులు హ్యాండిల్ బరువును చేత్తోనే పసిగడతారు. ఆ చేతి విద్య ఐటీఐ పిల్లలకు వాళ్ల చేతే చెప్పించాలని నా గట్టి కోరిక.