బట్టమేక పిట్ట గడ్డినేల

పిల్లలూ! బీడు అంటే ఎందుకూ పనికిరాని నేల అని మీరు అనుకుంటారు. బడిలో పాఠాలు చెప్పినంతకాలం నేనూ అలాగే అనుకున్నాను.

ఈ ఏడు తొలకరికి మనవణ్ణి వెంటబెట్టుకుని రోళ్లపాడు వెళ్ళాను. నంద్యాల జిల్లాలోని ఈ గడ్డినేలను 1988లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. పేరుకు అరణ్యమేగాని చెట్లు తక్కువ, కనుచూపుమేర గడ్డే.

వారం క్రితం చిన్న వాన పడిందట. ఎర్రని గరుసునేల అప్పుడే పచ్చబడింది. పక్కనున్న నల్లరేగడి మాత్రం ఎండుగానే ఉన్నది.

"తాతయ్యా, నల్లరేగడి సారమైన నేల అన్నావుగా! మరి గడ్డి ఎర్రనేలలో ముందు లేచిందేం?" అన్నాడు మనవడు.

నేను తడుముకుంటూంటే, అక్కడున్న గొర్రెల కాపరి నవ్వి, "ఎర్రనేల తాగినదాంట్లో గడ్డికీ పెడుతుంది సామీ. నల్లనేల తన దప్పిక తీరితేగాని ఎవరికీ పెట్టదు" అన్నాడు.

అతను చెప్పినది నిజం. రేగడిలో మట్టిరేణువులు అతి సన్ననివి. కొద్దిపాటి నీటిని అవి గట్టిగా పట్టుకుని, వేళ్ళకు వదలవు. గరుసునేల రేణువులు పెద్దవి. వాటి పట్టు తక్కువ. అందుకే చిన్న వానకే అక్కడి గడ్డి మేలుకుంటుంది. పెద్ద వానలు పడితే కథ తిరగబడుతుంది. గరుసునేలలో నీరు నిలవక జారిపోతుంది. రేగడి వారాల తరబడి పదును నిలుపుకుంటుంది. అప్పుడు ఒత్తయిన గడ్డి రేగడిలోనే పెరుగుతుంది.

కర్నూలు ప్రాంతంలో ఏడాదికి పడేది సుమారు 67 సెంటీమీటర్ల వాన. అదీ చాలావరకు జూన్, అక్టోబరు నెలల మధ్యనే. తక్కిన నెలల్లో గడ్డి పైకి ఎండినా, వేళ్ళు నేలలో ప్రాణంతో ఉంటాయి.

ఇది తెలియక ఉద్యోగంలో ఉండగా నేనొక తప్పు చేశాను. ఊరిబయట గడ్డిబీడు ఉత్తగా పడి ఉన్నదని, పిల్లలచేత గుంతలు తవ్వించి మొక్కలు నాటించాను. వేసవికి మొక్కలన్నీ ఎండిపోయాయి. తవ్విన చోట పాత గడ్డీ సరిగా రాలేదు.

రోళ్లపాడులో ఒకప్పుడు బట్టమేక పిట్టలు తిరిగేవి. మీటరు ఎత్తుండే ఈ పక్షి చెట్టు మీద గూడు కట్టదు. నేలమీదనే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. గడ్డి బయలే దానికి ఇల్లు. బయళ్ళు దున్నుడు పొలాలయినకొద్దీ అవి తరిగిపోయాయి. కృష్ణజింకలు కనిపించాయిగాని, రోజంతా వెతికినా మాకు ఒక్క బట్టమేక పిట్ట కూడా కనిపించలేదు.

మీరూ ఒక పని చేసి చూడండి. ఒక డబ్బాలో ఎండిన రేగడిమట్టి, మరొక దానిలో ఇసుక పోసి, రెంటిలోనూ రాగులు చల్లండి. సమానంగా కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించండి. ఏది ముందు మొలిచిందో అమ్మకూ నాన్నకూ చూపించండి. ఆ తరువాత బీడును చూసినప్పుడు, అది ఉత్త నేల అని మాత్రం అనకండి.