కూబో అడిగితే బకెట్టిస్తారు!

మాడ్రిడ్‌లో ఓ బొమ్మల దుకాణం. పాచికలు కొనాలి. ఇంగ్లిషులో క్యూబ్ కాబట్టి స్పానిష్‌లో 'కూబో' అయ్యుంటుందని అడిగారో... ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్టు చేతిలో పెడతారు! అదే మాట బార్లో అంటే, ఐసు నింపిన బకెట్లో అయిదారు బీరు సీసాలు వచ్చేస్తాయి.

స్పెయిన్‌లో పాచికను 'దాదో' అంటారు. లెక్కల పుస్తకంలోని ఘనం 'కూబో', బకెట్టూ 'కూబో'నే. పలకడానికి ఒకటే అయినా పుట్టిళ్లు వేరు. మొదటిది గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. రెండోది పీపాను సూచించే 'కూబా' నుంచి పుట్టింది.

వంటింట్లో ఈ తికమక ఇంకా ఎక్కువ. బంగాళాదుంపల్ని 'దాదో'లుగా తరగమంటారు. ఐసు ముక్క 'కుబితో', అంటే బుల్లి కూబో. కాఫీలో వేసుకునే చక్కెర బిళ్ల మాత్రం 'తెర్రోన్'. పొలంలోని మట్టిగడ్డకీ అదే పేరు!

పాచికలతో స్పెయిన్ అనుబంధం ఈనాటిది కాదు. పదో అల్ఫోన్సో రాజు చదరంగం, పాచికల ఆటల మీద రాయించిన గ్రంథం 1283లో పూర్తయింది. మాడ్రిడ్ నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఎల్ ఎస్కోరియల్ మఠం గ్రంథాలయంలో అది భద్రంగా ఉంది. తెలివి గొప్పదా, అదృష్టం గొప్పదా అని ఓ భారతదేశపు రాజు ముగ్గురు పండితుల్ని అడిగిన కథతో ఆ పుస్తకం మొదలవుతుంది. ఒకరు చదరంగం తెస్తే, మరొకరు పాచికలు తెచ్చారట. తెలివీ అదృష్టమూ రెండూ కావాల్సిన ఆటను మూడో ఆయన చూపించారట.

నేటికీ అక్కడి ఇళ్లలో తాతలూ మనవలూ కలిసి ఆడే 'పార్చీస్' మన పచ్చీసు నుంచి వచ్చిందే. మనం గవ్వలు వేస్తే వాళ్లు దాదో వేస్తారు. అయిదు పడితేగానీ కాయ బయటికి రాదు. ఎదుటివాళ్ల కాయను చంపితే ఇరవై గళ్లు ముందుకు!

ఎల్ ఎస్కోరియల్ దాటి ఇంకా పడమటికి వెళ్తే ఆవిలా వస్తుంది. రెండున్నర కిలోమీటర్ల కోటగోడతో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పట్టణమిది. ఆ గోడ పొడవునా ఎనభైకి పైగా బురుజులున్నాయి. వాటినీ 'కూబో'లనే అంటారు. తీరా చూస్తే అన్నీ గుండ్రంగానే! ఇవి పీపా బంధువులు మరి.

ఉత్తరాన సముద్రపు ఒడ్డున సాన్ సెబాస్టియన్‌లోనూ 'కూబో'లున్నాయి. వాస్తుశిల్పి రఫాయెల్ మొనెయో రూపకల్పనలో 1999లో తెరుచుకున్న కుర్సాల్ భవనాలకు స్థానికులు పెట్టుకున్న ముద్దుపేరది. కాస్త వాలినట్లున్న ఆ రెండు గాజు పెట్టెల్ని చూశాక, హమ్మయ్య, కూబో అంటే క్యూబే అనిపిస్తుంది.

అందుకే స్పెయిన్ వెళ్లేవాళ్లు వస్తువు ఆకారం చూసి మాట ఎంచుకోకూడదు. దాంతో ఏం చేస్తారో చూసి ఎంచుకోవాలి. అప్పుడే పాచిక పారుతుంది!