ఏమీ జరగని రాత్రులు

"మీ పనేముందమ్మా, సామాన్లు ఒకింట్లోంచి ఇంకో ఇంట్లోకి సర్దడమేగా" అంటుంటారు మా ఆఫీసులో ఒకాయన. వేళాకోళానికే అంటారు. నాకు మాత్రం కోపం రాదు. ఆ పోలికలో ఆయనకి తెలియని నిజం చాలా ఉంది.

నేను స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ని. హైదరాబాదులో 18 ఏళ్లుగా ఇదే పని. పెద్ద సంస్థల్లో డేటా చాలావరకు సర్వర్ల లోపల ఉండదు. డిస్కులు పేర్చిన పెట్టెలు విడిగా ఉంటాయి. సర్వర్లనీ ఆ పెట్టెల్నీ కలిపే ఫైబర్ తీగలూ స్విచ్చులూ ఒక నెట్‌వర్కు. దాన్నే స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా శాన్ అంటాం. పెట్టెలోని జాగాని వాల్యూములుగా విడగొట్టి ఏ సర్వరుకి ఎంత కావాలో అంత ఇస్తాం. ఒకరి వాల్యూము ఇంకొకరి కంట పడకుండా చూడటాన్ని మాస్కింగ్ అంటారు. డిస్కులకీ ఘోషా తప్పలేదని మేం ఆడవాళ్లం నవ్వుకుంటాం.

కొన్నేళ్లకి పెట్టె పాతబడుతుంది. కొత్తది వస్తుంది. ఉన్నదంతా అందులోకి మార్చాలి. ఇల్లు మారడమే, కానీ పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉండాలి, పడుకున్నవాళ్లకి మెలకువ రాకూడదు.

లినక్స్ సర్వరయితే ముందు కొత్త పెట్టెలో వాల్యూము చేసి, స్విచ్చుల్లో దారి కలుపుతాం. ప్రతి పోర్టుకీ 16 అంకెలూ అక్షరాలూ కలిసిన పేరుంటుంది. అందులో ఒక్కటి తప్పినా దారి కలవదు. ఒక దారి తెగినా ఇంకొకటి ఉండేలా ప్రతి సర్వరుకీ రెండు దారులు పెడతాం. కొత్త డిస్కుని పాతదున్న వాల్యూమ్ గ్రూపులోనే చేర్చి పీవీమూవ్ అనే కమాండు ఇస్తాం. అది మామూలుగా 4 మెగాబైట్ల ముక్కల లెక్కన డేటాని కొత్త డిస్కు మీదికి నకలు చేస్తుంది. నకలు అవుతున్న భాగంలో ఎవరైనా ఏదైనా రాస్తే రెండు చోట్లా రాస్తుంది. రెండూ సరిపోయాకే పాతదాన్ని వదులుతుంది. ఖాళీ అయిన డిస్కుని ముందు సర్వరులోంచి తియ్యాలి, ఆ తర్వాతే పెట్టె దగ్గర తెంచాలి. ఈ వరస తప్పితే సర్వరు లేని డిస్కు కోసం వెతుక్కుంటూ బిగుసుకుపోతుంది.

ఇవన్నీ ఎక్కువగా రాత్రుళ్లే చేస్తాం. స్త్రీలని సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కి ముందు పనిలో పెట్టకూడదంది 1948 ఫ్యాక్టరీల చట్టం. ఆ నిబంధనని 2000లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. మాది ఫ్యాక్టరీ కాదుగానీ, రాత్రిపూట పనిచేసే హక్కు ఎంత పోరాడితే వచ్చిందో గుర్తుంచుకోవాలి కదా. హక్కయితే వచ్చింది. రాత్రి చేసిన పనికి లెక్కే ఇంకా రాలేదు.

ఒక శనివారం రాత్రి 10 నుంచి తెల్లారి 6 దాకా నేనూ ఇంకో అమ్మాయీ కూర్చుని 12 టెరాబైట్లు మార్చాం. సోమవారం ఎవరికీ తేడా తెలియలేదు. తెలియకపోవడమే మా విజయం. అదే నెలలో ఇంకో టీం వాళ్ల డిస్కు నిండిపోయి సిస్టం ఆగిపోయింది. రెండు రోజులు నిద్ర మానుకుని బాగుచేశారు, పాపం. వాళ్లకి మీటింగులో అవార్డు ఇచ్చారు. నా అప్రైజల్లో మాత్రం "ఈ ఏడాది మీవల్ల కనిపించిన ఫలితం ఏమిటి?" అని అడిగారు. ఇంట్లో బిందె నిండుగా ఉన్నన్నాళ్లూ నీళ్లెవరు పట్టారని ఎవరూ అడగరు. ఖాళీ అయిన రోజునే అడుగుతారు.

అమెరికన్ కళాకారిణి మియర్ల్ లేడర్‌మన్ యూకలీస్ బిడ్డ పుట్టాక, 1969లో, ఉన్నదాన్ని కాపాడుకొచ్చే పని కూడా కళేనంటూ మానిఫెస్టో రాసింది. 1973లో ఒక మ్యూజియం మెట్లు కడిగి దాన్నే ప్రదర్శన చేసింది. 1979-80లో న్యూయార్కు పారిశుధ్య కార్మికులు 8,500 మందితో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలిపింది. ఆమె గురించి చదివినప్పుడు నా పనికి ఒక వంశవృక్షం దొరికినట్టనిపించింది.

అయితే నా అదృశ్యం ఏసీ గదిలో, మంచి జీతంతో ఉండే అదృశ్యం. అదే గది నేల తుడిచే ఆమె పేరు ఆఫీసులో చాలామందికి తెలియదు. మన దేశంలో ఊడ్చే పనిని కనపడకుండా చేసింది పితృస్వామ్యం ఒక్కటే కాదు, కులం కూడా. నా పని లెక్కలోకి రావాలని అడిగేటప్పుడు ఆమెని వదిలేసి అడగలేను.

మా దగ్గర ప్రతి మైగ్రేషన్‌కీ రన్‌బుక్ ఉంటుంది. ఏ గంటకి ఏ కమాండు ఇవ్వాలో అందులో రాస్తాం. 'చేసినవారు' అన్న గడిలో ఎప్పుడూ 'స్టోరేజ్ టీం' అనే ఉండేది. ఇప్పుడు ఆ గడిలో మనుషుల పేర్లు రాస్తున్నాను. ఎన్ని గంటలు పట్టిందో, ఏ ప్రమాదం రాకుండా ఏం చేశామో కూడా రాస్తున్నాను. ఆ కాగితాలన్నీ అప్రైజల్‌కి జతచేస్తే "ఇంత వివరం అవసరమా?" అన్నారు. అవసరమే అన్నాను. ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మాత్రం మొన్నటి రన్‌బుక్కులో, నేను చెప్పకుండానే, తమ పేర్లు పూర్తిగా, ఇంటిపేర్లతో సహా రాసుకున్నారు.