అంచు కోసిన వెన్నెల

మొన్న పొద్దుటూరులో మైదుకూరు బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీటులో ఇంటర్ చదివే వయసు పిల్లవాడు ఫోను నిలువుగా పట్టుకుని, బొమ్మ తర్వాత బొమ్మను బొటనవేలితో పైకి తోసేస్తున్నాడు. వాటి మధ్యలో ‘మాయాబజార్’ పడవ పాట వచ్చింది. ఆశగా వంగి చూశాను. శశిరేఖ ఉంది, అభిమన్యుడు లేడు. నీళ్లు లేవు, గట్టు లేదు, చెట్ల నీడ లేదు. నిలువు ఫోనులో నిండుగా కనపడాలని ఎవరో ఆ బొమ్మను రెండు పక్కలా కోసి పారేశారు. పిల్లవాడు అయిదు సెకన్లు చూసి దాన్నీ తోసేశాడు. మా చాపాడులో దిగేదాకా నా మనసు మనసులో లేదు.

లెక్క వేసి చూడండి. ‘మాయాబజార్’ నాటి తెర ఎత్తు మూడు అనుకుంటే వెడల్పు నాలుగు. దాని ఎత్తు తగ్గించకుండా నిలువు ఫోనులో పెడితే బొమ్మలో సగానికి పైగా బయటే ఉండిపోతుంది. సినిమాస్కోప్ అయితే మరీ ఘోరం, నాలుగింట మూడు పాళ్లు పోతుంది. మన పొద్దుటూరు నేతగాడి దగ్గర చీర కొని, రెండు అంచులూ, కొంగూ కత్తిరించి, మిగిలింది కట్టుకో అమ్మా అని ఆడబిడ్డ చేతిలో పెడతామా?

చాపాడులో సాయంత్రాలు మేం నలుగురం టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చుంటాం. మాది సినిమా పిచ్చి. అయితే హీరోల పిచ్చి కాదు, షాట్ల పిచ్చి. మా ముచ్చటకు ఒక నియమం ఉంది. నచ్చిన షాటు చెప్పేటప్పుడు హీరో పేరు ఎత్తకూడదు, పాట పల్లవి అందుకోకూడదు. వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది, మనిషి ఎక్కడ నిలబడ్డాడు, వెనకాల ఏముంది, కెమెరా కదిలిందా లేదా, ఇవే చెప్పాలి. వింటున్నవాళ్లు అది ఏ సినిమానో పట్టుకోవాలి.

ఆ రోజు మొదలుపెట్టింది సెల్‌ఫోన్ల అంగడి నడిపే పిల్లోడు. “ఇరుకు సందన్నా. సైకిల్ తొక్కతాండాడు, ముందర చిన్నపాప. కెమెరా ఎంబడే పరిగెత్తతాంది. యాడా కుదుపు ల్యా.” ‘శివ’ అని ముగ్గురం ఒక్కసారే అరిచాం. 1989. ఛాయాగ్రహణం ఎస్. గోపాలరెడ్డి. స్టెడీక్యామ్ అనే సాధనాన్ని తెలుగు తెర మీద జనం గుర్తుపట్టింది ఆ సినిమాతోనే. కెమెరామన్ ఒంటికి పట్టీలు బిగించి, స్ప్రింగుల చేతికి కెమెరాను తగిలిస్తారు. మనిషి పరిగెడుతుంటే ఆ అదురు స్ప్రింగులు మింగేస్తాయి, బొమ్మ నీళ్ల మీద తేలినట్టు సాగుతుంది. అదే ఏడాది, అదే కథానాయకుడితో ‘గీతాంజలి’ వచ్చింది. అక్కడ పి.సి. శ్రీరామ్ ఊటీ మంచును మనిషంత పాత్రను చేశాడు. ఒకే ముఖాన్ని ఇద్దరు కెమెరామెన్లు ఎంత వేరుగా చూశారో, ఆ ఒక్క సంవత్సరం మీదే మేం వారం రోజులు మాట్లాడుకోగలం.

మా బావది ఎప్పుడూ ఒకటే మాట: ‘ముత్యాల ముగ్గు’. తెల్లవారుజాము, వాకిలి, ముగ్గు పెడుతున్న ఆడమనిషి. తీసింది ఇషాన్ ఆర్య. ‘గరమ్ హవా’కు పనిచేసిన చేయి అది. 1975 సంవత్సరానికి ఈ సినిమాకు జాతీయ పురస్కారం అందుకున్నాడు. వెనక ఉన్నది బాపు. కెమెరా పెట్టకముందే షాటును బొమ్మ గీసుకునే మనిషి కాబట్టి, ఆయన చట్రంలో ఖాళీ జాగా కూడా ఊరికే ఉండదు. బావ ఆ ముగ్గు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఆ సినిమా వచ్చిన ఏడాదే ఆయనకు పెళ్లయింది. మా అక్క పోయి ఇప్పటికి ఆరేళ్లు.

నా వంతు వచ్చింది. బస్సులో చూసింది ఇంకా గొంతులోనే ఉంది. ఆ పడవ గురించే చెప్పాను.

1957లో మార్కస్ బార్ట్లే ఆ వెన్నెల ఎలా చేశాడో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బయట ఎన్నూరులో తీసింది కొన్ని క్షణాలే. తక్కిన వెన్నెలంతా స్టూడియోలో, దీపాలతో కాచింది. ఆనాటి ఫిల్ముకు వెలుతురు దండిగా కావాలి, వెన్నెలకేమో వెలుతురు తక్కువగా కనపడాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే ఆయన విద్య. నీటి మీద తళుకు నిలిచింది, ముఖం మీద చల్లదనం నిలిచింది, వాటి చుట్టూ చీకటి చిక్కగా నిలిచింది. ఆ చీకటి ఉన్నది అంచుల్లో. అంచులు కోస్తే వెన్నెల ఎక్కడిది? 2010లో ఆ సినిమాకు రంగులద్దినప్పుడు కూడా నాకు ఇదే బాధ కలిగింది. బూడిద, వెండి, నలుపు మధ్య ఆయన పలికించిన మెట్లన్నీ నీలం కింద మునిగిపోయాయి. నేను మాత్రం నలుపు తెలుపే చూస్తాను, నా మనవళ్లకూ అదే చూపిస్తాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ విద్యకు మన జిల్లా మట్టితో చుట్టరికం ఉంది. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి, కొండారెడ్డి అన్నదమ్ములది పులివెందుల ప్రాంతం. 1945లో ‘స్వర్గసీమ’కు బి.ఎన్. రెడ్డి కెమెరా అప్పజెప్పింది ఈ బార్ట్లేకే. ‘మాయాబజార్’ నాగిరెడ్డి, చక్రపాణిల విజయా వారిది. 1951 నాటి ‘మల్లీశ్వరి’కి ఆది ఇరానీతో పాటు కెమెరా పట్టింది కొండారెడ్డి. అన్న బి.ఎన్.కు 1974 సంవత్సరపు ఫాల్కే పురస్కారం వచ్చింది, 1986 సంవత్సరానిది నాగిరెడ్డికీ వచ్చింది. ఇద్దరి పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి. కెమెరా వెనక ఒంటికన్ను మూసి నిలబడ్డ తమ్ముడి పేరు మన కడప జిల్లాలో ఎంతమంది నోట ఉంది? ‘మల్లీశ్వరి’లో ఆ వానలో సత్రం, చినుకుల అవతల నాట్యమాడే పిల్ల, మారువేషంలో చూస్తున్న రాయలు. ఆ రాత్రిని మనకు కనపడేలా చేసిన చేతుల్లో ఒక జత మన జిల్లా చేతులని బడిలో ఒక్క అయ్యవారైనా చెప్పాడా? నాకెవరూ చెప్పలేదు. నలభై ఏళ్లు దాటాక టైటిల్స్ ఆపి ఆపి చదువుకుని తెలుసుకున్నాను.

“ఇంత కోపం యాల నాయనా,” అన్నాడు ఆపరేటర్ చిన్నాయన. నాలుగోవాడు ఆయనే. టూరింగ్ టాకీసులో కార్బన్ కడ్డీలు మండించిన మనిషి. “కోయడం ఇప్పుడు మొదలయిందా? మేం కోయలా?”

నిజమే. నా చిన్నప్పుడు కోతలు అయ్యాక ఇక్కడికి టెంటు సినిమా వచ్చేది. తెర పాత కొలతది, ఇంచుమించు చదరం. ఒకసారి ‘అల్లూరి సీతారామరాజు’ తెచ్చారు. 1974లో వచ్చిన మొదటి తెలుగు సినిమాస్కోప్, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. అంత వెడల్పు బొమ్మ ఆ తెర మీద ఎట్లా పడుతుంది? లెన్సు ఉంది, తెర లేదు. చిన్నదిగా వేస్తే జనం ఒప్పుకోరు, పెద్దదిగా వేస్తే బొమ్మ రెండు పక్కలా పొంగిపోతుంది. పెద్దదిగానే వేశారు. మధ్యలో రామరాజు ఉన్నాడు, బాణం ఉంది. మన్యం మాత్రం తెర దాటిపోయింది.

నేను నేల టికెట్టులో ఎడమ పక్క చివర, టెంటు గుడ్డ దగ్గర కూర్చున్నాను. జనమంతా తెర చూస్తున్నారు. నా పక్కన గుడ్డ మీద ఏదో కదిలింది. అతుకుల గుడ్డ, గోధుమ రంగుది, ఒకచోట కుట్టు విడిపోయింది. దాని మీద ఒక కొండ పడింది. కొండ కింద చెట్లు. గాలికి గుడ్డ ఉబ్బితే కొండ ఊపిరి పీల్చినట్టు లేచేది. ఒక గుర్రం తల వచ్చింది, దాని ఒళ్లు తెర మీద ఉంది, తల నా దగ్గర ఉంది. చేయి చాపితే నా అరచేతిలో ఆకుపచ్చ వెలుగు పడింది. తక్కిన సినిమా అంతా నేను ఆ గుడ్డ వైపే చూశాను. ఇంటర్వెల్‌లో మా అమ్మ ఆడవాళ్ల పక్కనుంచి వచ్చి బొరుగుల పొట్లం ఇస్తూ, “తెర అటుంటే ఇటు చూస్తాండావేమిరా?” అంది. చూపించాలని గుడ్డ తట్టాను. అప్పటికి లైట్లు వేశారు. గుడ్డ గుడ్డగానే ఉంది.

చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి, “నువ్వు ఆ పక్కన కూసున్నెట్ల నాకు తెలీదు,” అన్నాడు. “ఆ బొమ్మ పక్కకు పోతాంటే నాకు పేణం ఉసూరుమనేది. ఎవురన్నా సూస్తాండారా లేదా అనుకునేటోణ్ణి.”

బెంచీ మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంగడాయన అలసంద వడలు తెచ్చిపెట్టాడు. బావ లేచి కుందూ దాకా నడుద్దామన్నాడు. కేసీ కాలువ నీళ్లొచ్చిన ఏడాది, వరి పొట్టకొచ్చింది. సుమోలు గాల్లో ఎగిరే సినిమాల్లో మా సీమను ఎప్పుడూ ఎండిన పసుపులోనే ముంచి చూపిస్తారు, ఈ పచ్చను ఒక్కరూ తీయలేదని నేనేదో మొదలుపెట్టబోయాను. అప్పుడే తూర్పున నల్లమల కొండల మీద వెలుగు రాగి రంగుకు తిరిగింది. మడి మధ్యంతా ఖాళీగా వదిలేసి, కొంగలు గట్టు వెంట, ఆ చివరా ఈ చివరా వాలుతున్నాయి. సెల్ అంగడి పిల్లోడు జేబులోంచి ఫోను తీశాడు. చిన్నాయన వాడి మణికట్టు పట్టుకుని, మెల్లగా ఫోనును అడ్డంగా తిప్పాడు.