గ్రావోయ్ రోడ్డు మీద భోజనం

మా సెయింట్ లూయిస్ నగరానికి దక్షిణాన గ్రావోయ్ అనే రోడ్డు ఉన్నది. ఫ్రెంచి పేరు. స్పెల్లింగు చివర ‘ఎస్’ ఉంటుంది గాని ఎవరూ పలకరు. ఆ రోడ్డు మీద బీరు వ్యాపారి ఆగస్ట్ బుష్ కట్టించిన పెద్ద గాలిమర 1917 నుంచి నిలబడి ఉన్నది. ఆ పేటను బీవో మిల్ అంటారు. 1992లో బోస్నియాలో యుద్ధం మొదలయ్యాక, కట్టుబట్టలతో వచ్చిన వేలాది కుటుంబాలు ఇక్కడ స్థిరపడి, పాడుబడిన ఇళ్ళు బాగుచేసుకుని, మూతబడిన కొట్లు తెరిచాయి. అమెరికాలో బోస్నియా వారు ఇంతమంది ఉన్న ఊరు ఇంకొకటి లేదంటారు.

మా ఆసుపత్రి లేబరేటరీలో పనిచేసే ఒకావిడ అలా వచ్చినవారే. వాళ్ళ దేశంలో ఆవిడ డాక్టరు. ఇక్కడికి వచ్చాక సంసారం ఈదడంలోనే పరీక్షల వయసు దాటిపోయింది. గుంటూరులో చదివి, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి గట్టెక్కిన మాకు ఆవిడ ఎదురుపడితే ఎందుకో కొంచెం బిడియంగా ఉంటుంది.

“ఒక్కసారైనా మా తిండి తినండి డాక్టర్” అని ఆవిడ ఒక హోటలు పేరు చీటీ మీద రాసిచ్చారు. మేము గొడ్డుమాంసం తినము. మా శ్రీమతి అసలు మాంసమే ముట్టదు. కనుక వారి ప్రసిద్ధ వంటకం, బొగ్గుల మీద కాల్చిన చెవాపి, మాకు పనికిరాదు. ‘బురెక్’ అంటే మాంసం పెట్టినదేననీ, బంగాళాదుంపది క్రొంపిరుషా, పాలకూరది జేల్యానిత్సా అని అడగాలనీ కూడా రాశారు. పిండిని బల్లంతా పరుచుకునేలా పూతరేకంత పలచగా సాగదీసి, లోపల కూర పెట్టి, చుట్టలు చుట్టి కాలుస్తారట. వినగానే మాకు నోరూరింది.

ఆదివారం మూడింటికి పిల్లలతో సహా వెళ్ళాము. హోటల్లో మేము తప్ప ఎవరూ లేరు. నలభై నిమిషాలకు పళ్ళేలు వచ్చాయి. బంగాళాదుంపది పైన తోలు, లోపల మంచు. పాలకూర దానిలోంచి నీళ్ళు కారుతున్నాయి. “నాన్నా, ఇది మొన్నటి చపాతీలా ఉంది” అన్నది మా అమ్మాయి. రాగి జెజ్వలో, చక్కెర బిళ్ళతో వస్తుందనుకున్న కాఫీ కాగితపు కప్పులో వచ్చింది. పెరుగు మాత్రం బాగుంది. బిల్లు కట్టి బయటపడ్డాము.

దాపులోనే సెబిల్య్ అనే ఫౌంటెన్ ఉన్నది. సరయేవో పాతబజారులో ఉన్న కొయ్య మంటపం వంటి ఫౌంటెన్‌కు నకలు. ఈ నగరం 250 ఏళ్ళ పండుగకు కానుకగా 2013లో బోస్నియా వారు కట్టించారు. పిల్లలు దాని చుట్టూ పరుగులు పెడుతుంటే, మేము సోమవారం ఏమి చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాము. రోగులకు చెడ్డ కబుర్లు రోజూ చెబుతాము. అది చేతనైన పని. ఇది కాలేదు. ‘చాలా బాగుంది’ అనేస్తే సరిపోతుందన్నది శ్రీమతి.

కాని ఆవిడ మొహం చూశాక అబద్ధం నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాము.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, “నేను అక్కడ తిని నాలుగేళ్ళయింది” అన్నారు. వాళ్ళవాళ్ళలో చాలామంది శివార్లకు వెళ్ళిపోయారట. అక్కడ పిండి సాగదీసే ముసలమ్మ అప్పటికే చేతులు నొప్పులనేదట. “నేను మిమ్మల్ని ఆ ముసలమ్మ దగ్గరకు పంపించాననుకున్నాను” అన్నారు.

మాకు ఠక్కున కొత్తపేట గుర్తుకొచ్చింది. గుంటూరు వెళ్ళే ప్రతి మిత్రుడికీ మేము చదువుకునే రోజుల్లో తిన్న పెసరట్టు హోటలు పేరు చెప్పి పంపిస్తూ ఉంటాము. మేము అక్కడ తిని పన్నెండేళ్ళు. తిరిగి వచ్చినవాళ్ళంతా “బాగుందండీ” అనే అన్నారు. ఇంతవరకు ఒక్కరూ నిజం చెప్పలేదేమో!

మన సభ్యులెవరైనా ఇటు వస్తే బీవో మిల్ తప్పక చూడండి. తినదలిస్తే పొద్దున్నే బేకరీకి వెళ్ళి, అప్పుడే పొయ్యిలోంచి దిగిన పళ్ళెం ఏదో అడగండి. ఇది ఆవిడ సలహా. వచ్చే శనివారం తానే తోడు వస్తానన్నారు. రుచి ఎలా ఉన్నదో పై నెల రాస్తాము, ఉన్నది ఉన్నట్టు.