మరచిపోయిన తీగ

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మా అధ్యాపకులు ఒకనాడు జానెడు తీగను మా చేతికిచ్చి, "మీకు తోచినట్లు వంచండి" అన్నారు. మేము దానిని మెలికలు త్రిప్పి, ముడివేసినంత పని చేశాము. వారు దానిని వేడినీటి బీకరులో వేశారు. రెప్పపాటులో అది బాణమువలె తిన్నగా సాగినది! ఉర్దూ మాధ్యమపు మిత్రుడొకడు "దీని హాఫిజా మనకుంటే పరీక్షల భయమే లేకపోను" అనగా అందరమూ నవ్వాము.

అది నిటినాల్. నికెల్, టైటానియం దాదాపు సరిపాళ్లలో కలిసిన మిశ్రలోహము. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమందు, నేవల్ ఆర్డ్‌నెన్స్ లేబొరేటరీలో విలియం బ్యూలర్ 1959లో దీనిపై కృషి ఆరంభించారు. రెండు లోహముల రసాయన సంకేతాలకు ఆ సంస్థ పేరులోని తొలి అక్షరాలు చేర్చగా ఈ పేరు ఏర్పడినది. 1960 ప్రాంతములో అక్కడి అధికారుల సమావేశమున, ముడుతలుగా మడచిన నిటినాల్ రేకు చేతులు మారుతుండగా, డేవిడ్ మజీ అను అధికారి తన పైపు లైటరు మంటను దానికి చూపారట. ముడుతలన్నీ విచ్చుకొన్నవి. పొగత్రాగుట వలన లోకమునకు కలిగిన మేలు ఇదొక్కటే కాబోలు!

లోహమునకు జ్ఞాపకమేమిటి? వేడిగా ఉన్నపుడు దీని పరమాణువులు ఘనాకారపు అమరికలో ఉంటాయి. దానిని ఆస్టినైట్ అంటారు. చల్లబడగా పరమాణువులన్నీ ఒక్కుమ్మడిగా, తమ మధ్య దూరము కన్న తక్కువగా, ప్రక్కకు ఒరుగుతాయి. ఏదీ తన ఇరుగుపొరుగును విడువదు. ఈ ఒరిగిన స్థితి మార్టెన్‌సైట్. జర్మన్ లోహశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరిట మొదట ఉక్కులోని నిర్మాణమునకు ఈ పేరు పెట్టారు. కమ్మరి ఎర్రగా కాచిన ఉక్కు ఉలిని చప్పున నీట ముంచినపుడు ఏర్పడునది అదే. నిటినాల్‌లో పొరలు ఒకటి ఇటు, ఒకటి అటు ఒరుగుటచే పైరూపు మారదు. మనము వంచినపుడు ఆ ఒరుగుదల దిశ మారునే గాని, ఇరుగుపొరుగు బంధములు తెగవు. మరల వేడి తగిలిన, ఎక్కడి పరమాణువు అక్కడికి చేరుకొంటుంది. సాగుదల సుమారు 8 శాతము మించితే మాత్రము పూర్తిగా తిరిగి రాదు.

ఇంతవరకు విని ఊరుకొన్న బాగుండేది. మరునాడు అధ్యాపకులు లేని వేళ, ఆ తీగను లావుపాటి ఇనుప మేకుకు చుట్టి, కొనలు పట్టకారుతో బిగించి, బర్నర్ మంటలో ఎర్రబడేదాకా కాచాము. చల్లార్చి, సాగదీసి, వేడినీటిలో వేయగా చుట్ట చుట్టుకొన్నది! సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో బిగించి ఉంచిన రూపమే దానికి కొత్త జ్ఞాపకమగునని అప్పుడు మాకు తెలియదు. ఉన్నది ఆ ఒక్క తీగ. చప్పుడు చేయక పెట్టెలో పెట్టివేశాము.

తరువాతి వారము జూనియర్ల ముందు వారు తీగను నీటిలో వేశారు. అది పామువలె చుట్టుకొన్నది. జూనియర్లు నవ్వారు, వారి ముఖము చిన్నబోయినది. వెనుక వరుసలో మేము తలలెత్తలేదు.

సాయంకాలము వెళ్ళి ఒప్పుకొన్నాము. వారు కోపగించలేదు. ఒక ఇనుప కడ్డీ చేతికిచ్చి, "దీనికి తిన్నగా కట్టి కాచండి" అన్నారు. మూడుమార్లు కాచాము. తీగ తిన్నబడినది గాని, కొన దగ్గర చిన్న వంపు నేటికీ పోలేదు.